బ్రౌజర్ల పోటీ: ‘కుదరదు’ అనేవాళ్లు ఎందరు మిగిలారు?

ఫోన్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ రోజంతా తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్ ఏదని అడిగితే చాలామంది విషయంలో జవాబు బ్రౌజరే. అయినా దాని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. పేజీ తెరుచుకుంటే చాలు. క్రోమ్, సఫారీ, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లలో దేన్ని వాడినా వార్తలు చదవడానికి, వీడియో చూడడానికి, డబ్బు పంపడానికి పెద్ద తేడా కనిపించదు. పైగా అన్నీ ఉచితమే. మరి వాటిని తయారుచేసే కంపెనీలు పోటీ పడితే వాడేవాళ్లకు ఒరిగేదేమిటి? పడకపోతే పోయేదేమిటి?

పోటీ ఉంటే కొత్త సదుపాయాలు వస్తాయన్నది మామూలుగా వినిపించే జవాబు. నిజమే గానీ అది సగం నిజం. ఒకరు తెచ్చిన సదుపాయాన్ని ఇంకొకరు కాపీ కొట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. ట్యాబులు మొదట తెచ్చిందెవరో ఇవాళ ఎవరికీ గుర్తు లేదు, గుర్తుండాల్సిన అవసరమూ లేదు. పోటీ చేసే అసలు పని వేరే ఉంది. వెబ్‌కు యజమాని అంటూ ఎవరూ లేరు. ఒక కంపెనీ కొత్త పద్ధతి తెచ్చి ఇకపై అంతా ఇలాగే అన్నా, మిగతా బ్రౌజర్లు ఒప్పుకుంటేనే అది వెబ్ అంతటా చెల్లుతుంది. వాటిలో ఒక్కటైనా ‘కుదరదు’ అని, ఆ మాట మీద నిలబడేంత మంది యూజర్లను దగ్గర ఉంచుకోగలిగితే, మొదటి కంపెనీ వెనక్కి తగ్గాలి, లేదా అందరికీ పనికొచ్చేలా మార్చుకోవాలి. వాడేవాళ్లకు పోటీ వల్ల దక్కే లాభంలో పెద్ద వాటా ఇదే. కాకపోతే అది జరగకుండా ఆగిపోయిన వాటిలో ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు.

గెలిచాక ఆగిపోయిన ఐదేళ్లు

1994 చివర్లో నెట్‌స్కేప్ నావిగేటర్, 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. ఆ తర్వాత నాలుగైదేళ్లు రెండూ హోరాహోరీగా తలపడ్డాయి. ఆ పోటీ వాడేవాళ్లకు పండగేమీ కాలేదు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు సొంత ట్యాగులు, సొంత పద్ధతులు చేర్చుకుంటూ పోయారు. ఒకదానిలో చక్కగా కనిపించే పేజీ రెండోదానిలో చిందరవందరగా ఉండేది. ఈ సైట్‌ను ఫలానా బ్రౌజర్‌లోనే చూడండి అనే బొమ్మలు హోమ్‌పేజీల అడుగున వేలాడిన రోజులవి. పోటీ ఉంటే చాలు అంతా బాగుంటుందనే వాదనకు ఇక్కడే చిల్లు పడుతుంది.

అయితే ఆ పోరులోనే పనికొచ్చేవీ పుట్టాయి. పేజీ మొత్తాన్ని మళ్లీ లోడ్ చేయకుండా సర్వర్ నుంచి కొంత సమాచారం మాత్రం తెచ్చుకునే ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అనే పద్ధతి 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ నిలబడింది దాని మీదే. విండోస్ అనే తన కోట కింద తనే సొరంగం తవ్వుకున్నట్టయింది మైక్రోసాఫ్ట్‌కు.

విండోస్‌తో పాటే బ్రౌజర్‌ను కట్టి ఇవ్వడంతో మైక్రోసాఫ్ట్ గెలిచింది. ఆ కట్టడం మీదే అమెరికా ప్రభుత్వం 1998లో కేసు వేసింది. అది తేలేలోపే నెట్‌స్కేప్ పని అయిపోయింది. 2003 నాటికి 90 శాతానికి పైగా జనం వాడుతున్నది ఎక్స్‌ప్లోరరే. ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001 ఆగస్టులో. ఎక్స్‌ప్లోరర్ 7 వచ్చింది 2006 అక్టోబర్‌లో. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది వాడే బ్రౌజర్ ఐదేళ్లకు పైగా దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది. పారదర్శకంగా ఉండాల్సిన పీఎన్‌జీ బొమ్మల వెనక బూడిదరంగు పెట్టెలు కనిపిస్తున్నా అడిగే నాథుడు లేడు. 2004 జూన్‌లో ఒక భద్రతా లోపం ఎంత ముదిరిందంటే, అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమే తన సూచనల్లో వేరే బ్రౌజర్ వాడడాన్ని ఒక మార్గంగా చేర్చింది.

2004 నవంబర్‌లో మోజిల్లా సంస్థ తయారుచేసిన ఫైర్‌ఫాక్స్ 1.0 విడుదలైంది. ఆ మరుసటి ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఎక్స్‌ప్లోరర్ 7 వస్తుందని ప్రకటించారు. అంతకుముందు కొత్త ఎక్స్‌ప్లోరర్ కావాలంటే కొత్త విండోస్ దాకా ఆగాల్సిందే అన్న ధోరణిలో ఉన్న కంపెనీ అది. మధ్యలో మారింది ఒక్కటే, జనం వేరే చోటికి వెళ్లగలరని రుజువైంది. 2008లో క్రోమ్ వచ్చాక పోరు వెబ్‌పేజీలను పనిచేయించే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ వేగం మీదికి మళ్లింది. గూగుల్, మోజిల్లా, యాపిల్ ఒకరిని మించి ఒకరు, పేజీ కోడ్‌ను నడిపే లోపలి భాగాలైన ఇంజన్లకు పదును పెట్టారు. ఇవాళ డాక్యుమెంట్లు రాయడం నుంచి వీడియో కాల్ దాకా బ్రౌజర్‌లోనే నడుస్తున్నాయంటే ఆ రెండు మూడేళ్ల పందెం పుణ్యమే.

ఒకే బ్రౌజర్ మీద ఆధారపడితే ఏమవుతుందో దక్షిణ కొరియా అనుభవం ఇంకా గట్టిగా చెబుతుంది. 1990ల చివర్లో బలమైన ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే పద్ధతి) ఎగుమతి మీద అమెరికా ఆంక్షలు ఉండడంతో కొరియా ‘సీడ్’ అనే సొంత పద్ధతి తయారుచేసుకుంది. బ్రౌజర్లలో అది లేదు కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రమే చెందిన యాక్టివ్ఎక్స్ ప్లగిన్ల (బ్రౌజర్‌కు అదనంగా తగిలించే ప్రోగ్రాముల) ద్వారా బ్యాంకులు, ప్రభుత్వ సైట్లు దాన్ని అందించాయి. ఆన్‌లైన్ లావాదేవీలకు డిజిటల్ సర్టిఫికెట్‌ను ప్రభుత్వం తప్పనిసరి చేసింది. ఆ క్షణంలో చూస్తే తెలివైన నిర్ణయమే. ఆంక్షలు సడలి, మిగతా ప్రపంచం మామూలు ఎన్‌క్రిప్షన్‌తో ముందుకు వెళ్లిపోయాక కూడా కొరియన్లు బ్యాంకు పని కోసం ఎక్స్‌ప్లోరర్ తెరవాల్సి వచ్చింది. ప్లగిన్ అడిగినప్పుడల్లా ‘ఎస్’ నొక్కడం అలవాటైతే భద్రతకు ఎంత చేటో వేరే చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం గుర్తించిన ఆ సర్టిఫికెట్ల ప్రత్యేక హోదా పోయింది 2020 డిసెంబర్‌లో. మైక్రోసాఫ్ట్ కొరియన్లను బలవంతపెట్టింది లేదు. అందరి దగ్గరా ఉన్నది ఒకటే బ్రౌజర్ కావడంతో ఇది మిగతా వాటిలో పనిచేస్తుందా అన్న ప్రశ్న వేయాల్సిన అవసరమే రాలేదు, అంతే.

తిరస్కరణల వల్ల వచ్చిన లాభం

‘కుదరదు’ అన్న మాట ఫలించిన సందర్భాల్లో మంచి ఉదాహరణ వెబ్ ఎస్‌క్యూఎల్. బ్రౌజర్ లోపలే డేటాబేస్ ఉంచే పద్ధతి అది. సఫారీ, క్రోమ్, ఒపెరా అప్పటికే చేర్చుకున్నాయి. డెవలపర్లకూ నచ్చింది. మోజిల్లా ఒప్పుకోలేదు. అభ్యంతరం ఏమిటంటే, అందరూ లోపల వాడుతున్నది ఎస్‌క్యూలైట్ అనే ఒకే సాఫ్ట్‌వేర్. అది ఎలా ప్రవర్తిస్తే అదే ప్రమాణం అన్నట్టవుతుంది. విడివిడిగా తయారైన అమలులు ఒకటికంటే ఎక్కువ లేకుండా ప్రమాణం ఎలా అవుతుందన్న కారణంతోనే 2010లో దాని ప్రామాణీకరణ ఆగిపోయింది. అప్పట్లో ఇది చాదస్తంలా అనిపించింది. 2018 డిసెంబర్‌లో టెన్సెంట్ కంపెనీ భద్రతా బృందం ఎస్‌క్యూలైట్‌లో కొన్ని లోపాలు బయటపెట్టి వాటికి మెజెలన్ అని పేరు పెట్టింది. క్రోమ్‌కు ఆధారమైన ఓపెన్ సోర్స్ (ఎవరైనా తీసుకుని వాడుకోగల) కోడ్ పేరు క్రోమియం, దాని మీద కట్టిన బ్రౌజర్లలో ఒక వెబ్‌పేజీ తెరిస్తే చాలు, వెబ్ ఎస్‌క్యూఎల్ మీదుగా ఆ లోపం దాకా దారి ఉంది. ఫైర్‌ఫాక్స్ లోపల కూడా ఎస్‌క్యూలైట్ ఉంది గానీ వెబ్‌పేజీలకు దాన్ని తాకే వీలు లేదు. ఎనిమిదేళ్ల కిందటి చాదస్తం అలా అక్కరకొచ్చింది.

ఇంకా ముఖ్యమైనది నేటివ్ క్లయింట్ కథ. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన బరువైన ప్రోగ్రాములను బ్రౌజర్‌లో నడపడానికి గూగుల్ దీన్ని తయారుచేసి 2011లో క్రోమ్‌లో పెట్టింది. సాంకేతికంగా అద్భుతమైన పని. కానీ అది గూగుల్ సొంత పద్ధతుల మీద ఆధారపడింది, వేరే బ్రౌజర్లు దాన్ని తెచ్చుకోవడం కష్టం. మోజిల్లా దాన్ని తీసుకోకుండా 2013లో ఏఎస్ఎం డాట్ జేఎస్ అనే వేరే దారి చూపించింది. ఉన్న జావాస్క్రిప్ట్‌లోనే ఒక చిన్న భాగాన్ని వాడి దాదాపు అదే ఫలితం రాబట్టడం దాని కిటుకు. వాదోపవాదాలు ముగిశాక 2015లో అన్ని పెద్ద కంపెనీలూ కలిసి, అలాంటి బరువైన ప్రోగ్రాములను ఏ బ్రౌజర్‌లోనైనా నడిపే ఉమ్మడి పద్ధతిగా వెబ్‌అసెంబ్లీ మొదలుపెట్టాయి. 2017 నాటికి అది నాలుగు ప్రధాన బ్రౌజర్లలోకీ వచ్చింది. తేడా ఏమిటో గూగుల్ ఎర్త్ చూస్తే తెలుస్తుంది. 2017లో వెబ్‌లోకి వచ్చినప్పుడు అది నేటివ్ క్లయింట్ మీద నడిచేది కాబట్టి క్రోమ్‌లో తప్ప తెరుచుకోలేదు. వెబ్‌అసెంబ్లీకి మారాక 2020లో ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, ఒపెరాల్లోనూ నడిచింది. మోజిల్లా తిరస్కరించి ఉండకపోతే కొరియా కథ ఇంకో రూపంలో నడిచేది.

ఇటీవలి ఉదాహరణలు ప్రకటనల చుట్టూ ఉన్నాయి. యూజర్లను వారి బ్రౌజింగ్ తీరును బట్టి గుంపులుగా విడగొట్టే ఫ్లాక్ పద్ధతిని గూగుల్ 2021లో క్రోమ్‌లో పరీక్షించింది. మోజిల్లా తనకు అక్కర్లేదంది. బ్రేవ్, వివాల్డీ అనే చిన్న బ్రౌజర్ల కంపెనీలు బాహాటంగా తిట్టిపోసి తమ బ్రౌజర్లలో తీసేశాయి. 2022 జనవరిలో గూగుల్ దాన్ని వదిలేసి టాపిక్స్ అనే ఇంకోటి తెచ్చింది. దాన్నీ మోజిల్లా, యాపిల్ కాదన్నాయి, చివరికి అదీ 2025లో మూలపడింది. 2023లో వచ్చిన వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటెగ్రిటీ ప్రతిపాదన ఇంకా ప్రమాదకరమైనది. పేజీ తెరుస్తున్న పరికరం, బ్రౌజర్ నమ్మదగ్గవేనని మూడో పక్షం సంతకం చేసి చెప్పే ఏర్పాటు అది. ఆ సంతకం లేని కొత్త బ్రౌజర్ గతి ఏమిటో ఊహించుకోవచ్చు. విమర్శలు వెల్లువెత్తడంతో కొన్ని నెలల్లోనే గూగుల్ దాన్ని విరమించుకుంది.

కాదన్న ప్రతిసారీ అది యూజర్ల మేలు కోసమే అనుకుంటే పొరపాటు. ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ వేసుకున్నా, పేరు క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా, లోపల పేజీని తెర మీద చూపించేది యాపిల్ వెబ్‌కిట్ ఇంజనే. చాలా దేశాల్లో యాప్ స్టోర్ నియమం ఇప్పటికీ అదే. వెబ్‌సైట్లు నోటిఫికేషన్లు పంపే సదుపాయం క్రోమ్‌లో 2015లో వస్తే, ఐఫోన్‌లో 2023లో వచ్చింది, అది కూడా హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న వెబ్ యాప్‌లకు మాత్రమే. వెబ్ యాప్‌లు బలపడితే యాప్ స్టోర్‌కు నష్టం అన్న లెక్క ఈ ఆలస్యం వెనక ఉందని విమర్శకులు అంటారు. బ్యాటరీ, భద్రత అని యాపిల్ అంటుంది. రెండింట్లో ఏది నిజమైనా, ఐఫోన్ యూజర్ విసుగొచ్చి వేరే ఇంజన్‌కు మారే వీలు లేదు. పోటీ అక్కడే చచ్చిపోయింది. ఒక బ్రౌజర్ కాదన్నప్పుడు నచ్చని యూజర్ ఇంకోదానికి వెళ్లగలిగితే ఆ తిరస్కరణకు అదుపు ఉంటుంది. లేకపోతే అది ఒట్టి పెత్తనం. యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్స్ చట్టం వల్ల 2024 మార్చి నుంచి అక్కడ వేరే ఇంజన్లకు యాపిల్ తలుపు తెరిచింది. కానీ ఒక ప్రాంతానికి ఒకటి, మిగతా ప్రపంచానికి ఒకటి చొప్పున రెండు బ్రౌజర్లు మోయాల్సి వస్తుందని మోజిల్లా అప్పుడే అసంతృప్తి చెప్పింది.

పేర్లు ఎన్నో, ఇంజన్లు మూడు

యాప్ స్టోర్లలో వెతికితే బ్రౌజర్లు పదుల్లో కనిపిస్తాయి. లోపల ఇంజన్లు చూస్తే మూడే: గూగుల్ బ్లింక్, యాపిల్ వెబ్‌కిట్, మోజిల్లా గెకో. బ్లింక్ కూడా 2013లో వెబ్‌కిట్ నుంచి చీలినదే. ఒపెరా తన సొంత ఇంజన్‌ను అదే ఏడాది వదులుకుంది. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ కూడా 2018 డిసెంబర్‌లో చేతులెత్తేసి, 2020 జనవరిలో క్రోమియం మీద కట్టిన కొత్త ఎడ్జ్ విడుదల చేసింది. ఒకప్పుడు నెట్‌స్కేప్‌ను మట్టి కరిపించిన కంపెనీ చివరికి పోటీదారు ఇచ్చిన కోడ్ మీద బతకాల్సి రావడం ఈ రంగంలోని పెద్ద వింత.

ఒకే ఇంజన్ ఉంటే వచ్చిన నష్టమేమిటి, డెవలపర్లకు పని తగ్గుతుంది కదా అనేవాళ్లున్నారు. తేలిగ్గా తీసిపారేయదగ్గ వాదన కాదు. క్రోమియం ఓపెన్ సోర్స్, మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు కూడా అందులో పనిచేస్తున్నారు. ఎడ్జ్ మారినప్పటి నుంచి అందులో సరిగ్గా తెరుచుకోని సైట్లు తగ్గాయి. అయితే ఓపెన్ సోర్స్ అన్నంత మాత్రాన దారి నిర్ణయించే హక్కు అందరికీ రాదు. బ్రౌజర్‌కు అదనపు సదుపాయాలు చేర్చే చిన్న ప్రోగ్రాములైన ఎక్స్‌టెన్షన్ల కొత్త నియమాలు, మేనిఫెస్ట్ వీ3, దీనికి తగిన ఉదాహరణ. యుబ్లాక్ ఆరిజిన్ లాంటి యాడ్ బ్లాకర్లు పేజీ అడిగే ప్రతి ఫైల్‌నూ మధ్యలో ఆపి చూసుకునే పాత పద్ధతిని క్రోమ్ తీసేసింది. భద్రత, వేగం కోసమని గూగుల్ చెప్పిన కారణంలో కొంత నిజం ఉంది. ఆ కంపెనీకి డబ్బు ఎక్కువగా ప్రకటనల నుంచే వస్తుందన్నదీ నిజమే. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని అట్టే పెట్టింది. క్రోమియం మీద కట్టిన చిన్న బ్రౌజర్లకు అలా చేయడం కష్టం. ఫ్లాక్ లాంటిదైతే ఒక మీట ఆపేస్తే సరిపోతుంది, అడుగున కోడ్ మొత్తం పోయాక దాన్ని సొంతంగా మోస్తూ ఏడాదంతా మరమ్మతు చేసుకోవడం చిన్న కంపెనీలకు తలకు మించిన పని. అందుకే వాటి తిరస్కరణకు గడువు ఉంటుంది.

పోటీ ఉన్నచోట యూజర్‌కు తేడా ఎలా తెలుస్తుందో థర్డ్ పార్టీ కుకీల వ్యవహారం చూపిస్తుంది. ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కు వెంటాడి, చూసిన వస్తువు ప్రకటనే ఎక్కడికి వెళ్లినా కనిపించేలా చేసే చిన్న గుర్తు ఫైళ్లు ఇవి. సఫారీ 2017 నుంచి వీటిని కట్టడి చేస్తూ 2020 మార్చి నాటికి పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లో ట్రాకర్ల కుకీలను డిఫాల్ట్‌గా అడ్డుకోవడం మొదలుపెట్టింది. రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో చెప్పింది. గడువు మూడుసార్లు జరిపి, 2024 జులైలో ఆలోచన మార్చుకుంది. కుకీలు క్రోమ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో బ్రౌజర్ మార్చడం వల్ల తేడా సెట్టింగులు ముట్టుకోకుండానే వస్తుంది. అయినా ప్రపంచంలో దాదాపు మూడింట రెండు వంతుల వాడకం క్రోమ్‌దే. ఒకప్పుడు పావు వంతు దాటిన ఫైర్‌ఫాక్స్ ఇప్పుడు రెండు మూడు శాతం దగ్గర ఉంది.

ఎందుకు మారరంటే, చాలామంది బ్రౌజర్‌ను ఎంచుకోరు, చేతికొచ్చిన పరికరంలో ఏది ఉంటే అది వాడతారు. డిఫాల్ట్‌కు ఉన్న బలం అది. 2010లో యూరప్‌లో విండోస్ తెరవగానే బ్రౌజర్ల జాబితా చూపించాలని నియమం వచ్చింది. 2011 మే నుంచి 14 నెలల పాటు కోటిన్నర మందికి ఆ జాబితా కనిపించలేదు. సాంకేతిక పొరపాటన్న మైక్రోసాఫ్ట్‌కు 2013లో 56.1 కోట్ల యూరోల జరిమానా పడింది. అంతకాలం జాబితా మాయమైనా గోల పుట్టలేదంటే, ఎంపిక తెర మీద పెట్టుకున్న ఆశలు కాస్త తగ్గించుకోవాలి.

డిఫాల్ట్‌కు ఇంత బలం ఉంది కాబట్టే దానికి ధర కూడా ఉంది. సఫారీలో గూగుల్ సెర్చ్ డిఫాల్ట్‌గా ఉన్నందుకు గూగుల్ యాపిల్‌కు 2022లో 2,000 కోట్ల డాలర్లు చెల్లించినట్టు అమెరికాలో గూగుల్ సెర్చ్ మీద నడిచిన కేసు కోర్టు పత్రాల్లో బయటపడింది. బ్రౌజర్ ఉచితంగా రావడం వెనక లెక్క ఇదే. యూజర్ వెతికే ప్రతి మాటా ఎవరి సెర్చ్‌కు చేరుతుందన్నదే అక్కడి వ్యాపారం. అందుకే కొత్తగా ఏఐ కంపెనీలూ దిగాయి. 2025లో పర్‌ప్లెక్సిటీ కామెట్, ఓపెన్ఏఐ అట్లాస్ వచ్చాయి. జవాబు చెప్పేది, పేజీ చదివిపెట్టేది ఎవరన్న విషయంలో ఇది అసలైన పోటీయే. కానీ రెండింటి అడుగునా ఉన్నది క్రోమియమే. మొదటి నుంచి సొంత ఇంజన్ రాస్తున్న లేడీబర్డ్, మోజిల్లా 2020లో వదిలేశాక వేరే చేతుల్లో కొనసాగుతున్న సర్వో లాంటివి మాత్రమే ఆ లెక్క మార్చగలవు. రెండూ ఇంకా జనం చేతికి వచ్చే దశలో లేవు.

దాంతో ఇప్పటికి కాదనగలిగే స్వతంత్ర ఇంజన్‌గా అన్ని రకాల కంప్యూటర్లలో నడుస్తున్నది గెకో ఒక్కటే. దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది తమాషా అయిన విషయం. ఫైర్‌ఫాక్స్ మోజిల్లాకు సుమారు 90 శాతం ఆదాయం తెస్తుందని, అందులో దాదాపు 85 శాతం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుందని ఆ సంస్థ ఆర్థిక అధికారి 2025 మేలో కోర్టుకు చెప్పారు. గూగుల్ సెర్చ్‌లో అక్రమంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని 2024 ఆగస్టులో తేల్చిన అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా, 2025 సెప్టెంబర్‌లో శిక్ష ఖరారు చేసేటప్పుడు క్రోమ్‌ను అమ్మించాలన్న ప్రభుత్వ కోరికను తోసిపుచ్చారు. ప్రత్యేక హక్కుల ఒప్పందాలను నిషేధించారు గానీ డబ్బు చెల్లించడాన్ని ఆపలేదు. ఆపితే ఆ డబ్బు మీద ఆధారపడ్డ సంస్థలు దెబ్బతింటాయన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. ఇలాంటి డిఫాల్ట్ ఒప్పందాలు ఏడాదికి మించి ఉండకూడదని డిసెంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వులో చేర్చారు. అంటే గూగుల్ ప్రతిపాదనలకు అడ్డం తిరిగే బ్రౌజర్, ఆ అడ్డం తిరగడానికి కావాల్సిన జీతాల కోసం ఇకపై ఏటా గూగుల్‌తోనే బేరం కుదుర్చుకోవాలి.